ఏ గదికి ఆ గొంతు

ప్యాపిలిలో ఒక బుడ్డల, అంటే వేరుశనగకాయల, సావుకారి ఉండేవాడు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద డోన్ దాటాక, గుత్తి రాకముందు తగిలే ఊరు ప్యాపిలి. ఆ రోడ్డు పాత నంబరు 7, ఇప్పటి నంబరు 44. ఊరు మొన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. నంబరు మారినా, జిల్లా మారినా లారీల మోత మాత్రం మారలేదు. ఆ మోత ఈ కథలో తర్వాత పనికొస్తుంది.

సావుకారికి ఒక నియమం ఉండేది. ఎవరికి ఏది ఇచ్చినా సమానంగా ఇవ్వాలి. మండీలో కాటా ముల్లు ఎటూ వాలకుండా చూసుకున్నట్టే ఇంట్లోనూ చూసుకునేవాడు. పండక్కి ఇద్దరు కూతుళ్లకు, కోడలికి ఒకే ధర చీరలు తెచ్చేవాడు. ఒక కూతురు నలుపు కట్టదని, ఒక కూతురికి పట్టు దురద పెడుతుందని అతనికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. చీర పుచ్చుకుని కాళ్లకు దండం పెట్టేవాళ్లు, అతను తృప్తిగా భోజనానికి కూర్చునేవాడు. ఊళ్లో పెద్దమనుషులు అతని న్యాయాన్ని మెచ్చుకునేవారు.

అతనికి పాట అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. అంతకుముందు గాల్లో ఎక్కడెక్కడి గొంతులో వచ్చేవి గానీ, సీమ మాట సీమ యాసలో ఇంటి ముందుకు రావడం ఆ కేంద్రం వల్లే. సావుకారి పిల్లవాడుగా ఉన్నప్పుడు వాళ్లింట్లో రేడియో లేదు. వీధిలో ఒక కలిగినింటి అరుగు పక్కన నిలబడి వినేవాడు. ఆ ఇంటివాళ్లు తలుపు వేసుకుంటే ఆ పూటకు పాట అయిపోయినట్టే. పెద్దయ్యాక తన ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా పాట వినిపించాలని అప్పుడే అనుకున్నాడు.

కాలం కలిసొచ్చి కొత్త ఇల్లు కట్టాడు. తండ్రి కట్టిన పాత మిద్దె వెనకాల అలాగే ఉండిపోయింది. రాతి గోడలు, దూలాలు, పైన చౌడుమట్టి కప్పు, కింద బేతంచర్ల నాపరాళ్లు. ముందు లేచిన కొత్త ఇంటికి సిమెంటు శ్లాబు, అద్దంలా మెరిసే గ్రానైటు నేల, నున్నగా పుట్టీ పట్టించిన గోడలు, గోడ సగం మేర గాజు కిటికీలు. కింద పడసాల, వంటిల్లు, తల్లికి ఒక గది. పైన కొడుకు కోడలికి ఒకటి, ఇంటరు చదివే మనవడికి ఒకటి.

ఇల్లు ఇంకా సున్నం వాసన పోకముందే సావుకారి పట్నం వెళ్లి ఒక పెద్ద దుకాణంలో దిగాడు. దుకాణదారు అతన్ని లోపలి గదిలో కూర్చోబెట్టాడు. ఆ గదిలో నేలంతా మందపాటి తివాచీ, గోడలకు బరువైన తెరలు, కూర్చోవడానికి మెత్తని సోఫా ఉన్నాయి. పాట పెట్టాడు. వాయులీనం ఒక పక్క, మృదంగం ఒక పక్క విడివిడిగా వినిపించాయి. పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా తెలిసింది. సావుకారి కళ్లు చెమర్చాయి. ఆ కమ్మదనంలో సగం పెట్టెది, సగం గదిది అని అతనికి తోచలేదు. దుకాణదారుకు తెలిసే ఉంటుంది గానీ, గదిని అమ్మలేడు కదా.

ఎన్ని వాట్లని సావుకారి అడిగాడు. ఎన్ని గదులని దుకాణదారు అడిగాడు. గదుల్లో ఎవరుంటారని అతనూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. వాట్ల లెక్క చాలామందికి తెలియని లెక్క. పది వాట్ల బదులు వంద వాట్లు పెట్టినా చెవికి తోచే పెరుగుదల పది రెట్లు ఉండదు, సుమారు రెండు రెట్లే. ఖర్చు మాత్రం వాట్ల వెంట పోతుంది. సావుకారి ఆ రోజు ఒకే రకం పెద్ద సెట్లు అయిదు కొన్నాడు. ఒక్కో దానికి మనిషి నడుమెత్తు స్పీకర్లు రెండు, బరువైన ఊఫరు ఒకటి, ఆంప్లిఫయరు ఒకటి. గదికొకటి. కొత్తింటి మిద్దె మీదికి ఆరోది కూడా అడిగాడు గానీ, దుకాణంలో సరుకు లేక మళ్లీ వస్తానని వచ్చేశాడు.

గృహప్రవేశం నాడు అయిదు సెట్లూ ఒకేసారి మోగాయి. వీధిలోవాళ్లకు ఇంట్లో జాతర జరుగుతోందనిపించింది. ఇంట్లోవాళ్లకు ఏమీ వినిపించలేదు. వినిపించలేదంటే చప్పుడు లేదని కాదు, చప్పుడు తప్ప మరేమీ లేదని. పడసాలలో మాట పలికాక కూడా గోడల మధ్య తిరుగుతూనే ఉంది. ముందు మాట వెళ్లకముందే వెనక మాట వచ్చి దాని మీద కూలబడింది. వచ్చిన చుట్టాలు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుని, తొందరగా భోంచేసి వెళ్లిపోయారు.

తర్వాతి రోజుల్లో ఒక్కో గదిలో ఒక్కో తంటా మొదలైంది. వంటింట్లో సెట్టు పెట్టిన రోజే కుక్కరు ఎన్ని కూతలు కూసిందో సావుకారి భార్యకు తెలియలేదు, పప్పు మాడింది. సెట్టు ముఖానికి ఉన్న గుడ్డ పోపు పొగకు నెలలోపే జిడ్డు పట్టింది. పైన కొడుకూ కోడలూ రోజూ పోట్లాడుకున్నారు. గోడకు తల పెట్టి మంచం మీద పడుకున్న కొడుక్కి డోలు దెబ్బ గుండెల మీద పడుతోందట. గది నడుమ నిలబడి బట్టలు మడతపెట్టే కోడలికి డోలే వినిపించడం లేదట. ఒకరు తగ్గించమంటే ఒకరు పెంచమన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మనవడు రోడ్డువైపు కిటికీ పక్కన బల్ల వేసుకుని చదివేవాడు. లారీల మోతను ముంచడానికి పాట పెంచేవాడు, పాట పెరిగేసరికి చదువు మునిగిపోయేది.

తల్లి సంగతి వేరు. ఆమెకు ఎనభై దాటాయి. కొత్త గదిలో నాలుగు రాత్రులు పడుకుంది. అయిదో రోజు పొద్దున్నే తన నులకమంచం, బొంత, చెంబు పట్టించుకుని వెనకాల పాత మిద్దెలోకి వెళ్లిపోయింది. ఆ గదిలో మాటలు అర్థం కావడం లేదని మాత్రం చెప్పింది. సావుకారి ఆ మాటకు నొచ్చుకున్నాడు. అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ ఇచ్చాడు, రూపాయి తగ్గించలేదు. ముసలితనం చాదస్తం అనుకున్నాడు. వీధిలోవాళ్లు మాత్రం కొత్తింట్లో కన్నతల్లికి చోటు లేకపోయిందని చెప్పుకున్నారు. ఆ మాట సావుకారి చెవిన పడింది. దానికి ఏ సెట్టూ అక్కర్లేకపోయింది.

అతను సెట్లలోనే లోపం ఉందనుకున్నాడు. పట్నం వెళ్లి వాటిని మార్చి ఇంకా పెద్దవి తెచ్చాడు. తంటా ఇంకా పెద్దదైంది. బావమరిది వచ్చి గదికి ఇంకో రెండు స్పీకర్లు కలపమన్నాడు. కలిపారు. ఒక వాస్తు పండితుడు వచ్చి, బరువు నైరుతిలో ఉండాలని చెప్పి పడసాలలో ఊఫరును ఆ మూలకు తోయించాడు. మూల ఏ దిక్కుదైనా మూలే. రెండు గోడలూ నేలా కలిసే చోట పెట్టిన స్పీకరుకు బాసు తనంతట తానే పెరుగుతుంది. ఆ రాత్రి అల్మారాలో స్టీలు గ్లాసులు కదిలి మోగాయి. పండితుడు దక్షిణ పుచ్చుకుని అప్పటికే ఊరు దాటాడు.

చివరికి భార్య ఒక మనిషిని పిలిపించింది. బస్టాండు దగ్గర చిన్న అంగట్లో రేడియోలు బాగుచేసే ముసలి మేస్త్రి అతను. టేపు రికార్డర్ల కాలంలో చేతినిండా పని ఉండేది. ఇప్పుడు చార్జరు వైర్లు అతికించుకుంటూ కాలం గడుపుతున్నాడు. ఒట్టి చేతులతో వచ్చాడు. స్క్రూడ్రైవరు కూడా తేలేదు. సెట్లన్నీ ఆపేయమని చెప్పి, పడసాలలో నేల మీద చతికిలబడ్డాడు.

చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి ఒకసారి చప్పట్లు కొట్టి చెవి ఒగ్గాడు. నాలుగడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. ఆ రోజుకు అంతే చేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున వంట వేళకు వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం మనవడి గదిలో, రాత్రి భోజనాలయ్యాక కొడుకు గదిలో. ఎవరు ఏ వేళకు ఏ గదిలో ఉంటారో, ఏం చేస్తుంటారో చూశాడు. పెట్టిన అన్నం తిన్నాడు. వారం గడిచినా ఒక్క మర కూడా తిప్పలేదు. ఊరికే కూర్చునే మనిషికి కూలి ఎందుకివ్వాలని సావుకారి లోలోపల గొణుక్కున్నాడు.

కథ ఇక్కడ ఒక నిమిషం ఆపి ఒక నిజం చెప్పాలి. గదిని వినడం మన మేస్త్రికి మాత్రమే తెలిసిన విద్య కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంవాళ్లు 1895లో ఫాగ్ మ్యూజియం భవనం తెరిచారు. అందులోని ఉపన్యాస మందిరంలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పలికిన మాట అయిదు సెకన్లకు పైగా గదిలోనే తిరిగేది. దాన్ని సరిచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్సు అధ్యాపకుడికి అప్పగించారు. అతను దగ్గర్లోని శాండర్స్ థియేటరు కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి గదిలో పరిచేవాడు. ఒక ఆర్గన్ గొట్టం మోగించి ఆపి, మోత ఎంతసేపటికి చస్తుందో గడియారంతో లెక్కపెట్టేవాడు. తెల్లారేలోపు మెత్తలన్నీ తిరిగి థియేటరుకు చేరేవి. మెత్తలు పెరిగేకొద్దీ మాట తేటపడింది. గది ఎంత పెద్దదైతే మోత అంతసేపు నిలుస్తుందనీ, శబ్దాన్ని మింగే వస్తువులు ఎంత ఎక్కువైతే అంత త్వరగా అణుగుతుందనీ అతను తేల్చిన సూత్రాన్ని ఈనాటికీ వాడుతున్నారు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఆ లెక్క చూసుకునే కట్టారు. ప్యాపిలి మేస్త్రి ఈ పేరు విన్నవాడు కాదు, అతనికి మెత్తలు అరువిచ్చే థియేటరూ లేదు. చెవీ, చేతులూ ఉన్నాయి.

ఎనిమిదో రోజున మేస్త్రి పని మొదలుపెట్టాడు.

వంటింట్లోంచి పెద్ద సెట్టు బయటికి పోయింది. దాని చోట అరచేతికి కొంచెం పెద్దదైన ఒక్క పెట్టె వచ్చింది. ముందు గుడ్డ లేదు, జాలీ ఉంది. తడిచేత్తో, పిండిచేత్తో తిప్పడానికి వీలుగా ఒకే ఒక గుండ్రటి మర. పొయ్యికి ఎదురుగా, నీళ్లకూ పొగకూ అందని అల్మారాలో, నిలబడి వంట చేసే మనిషి చెవి ఎత్తుకు పెట్టాడు. పాట చెవికి దగ్గరైతే తక్కువ మోతతో సరిపోతుంది, కుక్కరు కూత దాని మీదుగా వినిపిస్తుంది.

మనవడికి ఏ సెట్టూ ఇవ్వలేదు. ముందు బల్లను రోడ్డువైపు నుంచి పెరటివైపు కిటికీకి జరిపించాడు. చెవిని మొత్తంగా కప్పే హెడ్‌ఫోను ఒకటి తెప్పించాడు. బయటి మోత సగం అక్కడే ఆగిపోతే పాటను పెంచాల్సిన పని ఉండదు. చెవికి హద్దు ఎంతో కూడా పిల్లవాడికి చెప్పాడు. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క అది. మేస్త్రి దాన్ని లెక్కగా చెప్పలేదు. పక్కనున్న మనిషి మామూలుగా పిలిస్తే వినిపించేంత వరకే పెట్టుకోమన్నాడు.

పై గది తగవు తీర్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదకొండడుగులే. మేస్త్రి పురికొస పట్టి కొలిచి తల ఊపాడు. అలాంటి గదిలో దాదాపు 50 హెర్ట్జ్ దగ్గర ఉన్న డోలు మోత మూడువైపుల నుంచీ ఒకేసారి బలపడుతుంది. గోడ పక్కన అది మిక్కిలిగా ఉంటుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. మొగుడు గోడ పక్కన, పెళ్లాం నడుమ. మేస్త్రి ఊఫరును తీసేశాడు. చిన్న స్పీకర్లు రెండు గోడకు దూరంగా బల్ల మీద పెట్టాడు. మంచాన్ని గోడ నుంచి ఒక మూర ముందుకు లాగించాడు. ఆ రాత్రి ఆ గదిలో పోట్లాట లేదు. ఎవరిది తప్పో తేలకుండానే తగవు తీరడం వాళ్లకు మొదట కొంచెం వెలితిగానే ఉండింది.

మిద్దె మీద ఏదీ పెట్టనివ్వలేదు. అక్కడ గోడలు లేవు, మోతను పట్టి నిలిపేది ఏదీ ఉండదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. అంత దూరం వినిపించేలా పెడితే అది ఎండాకాలం పక్క మిద్దెల మీద పడుకున్నవాళ్ల నిద్రలోకి పోతుంది. కావాలంటే సాయంత్రం పూట చేతిలో పట్టే చిన్నది ఒకటి తీసుకెళ్లి మంచం పక్కన పెట్టుకోమన్నాడు.

పెద్ద సెట్లు అయిదింటిలో ఒక్కటే ఇంట్లో మిగిలింది. అది పడసాలది. ఆ గది పెద్దది, చుట్టాలు కూర్చునేది, సావుకారి రాత్రిపూట ఒక్కడే పాట వినేది. పెద్ద సెట్టుకు అక్కడ పని ఉంది. మేస్త్రి ముందు ఊఫరును నైరుతి మూల నుంచి విడిపించాడు. స్పీకర్లు రెంటినీ గోడకు ఎడంగా లాగాడు. సావుకారి కూర్చునే కుర్చీకి అవి ఎంత దూరమో, ఒకదానికొకటి అంతే దూరం ఉండేట్టు తాడు పట్టి కొలిచి నిలబెట్టాడు. రెండు స్పీకర్ల మధ్య పాటను పరిచే ఉపాయానికి ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ 1931లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మనిషి తగిన చోట కూర్చోకపోతే ఆ ఉపాయమంతా వృథా. ఇన్నాళ్లూ సావుకారి ఒక స్పీకరుకు ఆనుకుని కూర్చుని, రెండోదానికి డబ్బు కట్టాడు.

అంతా పెట్టాక కూడా మాట తేటపడలేదు. మేస్త్రి చుట్టూ చూసి ఇంట్లో ఏమేమి పాత గుడ్డలున్నాయని అడిగించాడు. అటక మీదినుంచి జంఖానా దిగింది, గ్రానైటు మీద పరిచారు. గాజు కిటికీలకు మందపాటి తెరలు వేలాడదీశారు. మండీ లెక్కల పాత పుస్తకాలు, పిల్లల పుస్తకాలు కలిపి వెనక గోడకు ఎగుడుదిగుడుగా ఒక అల్మారా నిండా పేర్చారు. ఆ తర్వాత పాట పెట్టారు. పట్నం దుకాణంలో కళ్లు చెమర్చిన పాటే అది. వాయులీనం ఒక పక్క, మృదంగం ఒక పక్క కుదురుకున్నాయి. దుకాణంలో కొన్నది తివాచీ గదినని, తెచ్చుకున్నది పెట్టెను మాత్రమేనని సావుకారికి అప్పుడు తెలిసింది. జంఖానాకు ఖర్చు కాలేదు.

ఇక తల్లి గది.

మేస్త్రి ఆ గదిలో చప్పట్లు కొడితే అవి టకటకమని గోడ నుంచి గోడకు చాలాసేపు పరుగెత్తాయి. గదిలో ఒక ఇనుప మంచం, ఒక గాజు బల్ల, పెద్ద సెట్టు తప్ప ఏమీ లేవు. అతను అక్కడ ఏమీ ముట్టుకోకుండా వెనక మిద్దెకు వెళ్లాడు. గడప దగ్గర చెప్పులు విడిచి ముసలమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె తలాపున తోలు తొడుగు చిరిగిన పాత ట్రాన్సిస్టరు ఉంది. కడప కేంద్రం పలుకుతోంది. గొంతు చిన్నది, గరగర ఉంది, అయినా ముసలమ్మ ప్రతి మాటకూ తల ఊపుతోంది. మేస్త్రి చప్పట్లు కొట్టాడు. చప్పుడు పుట్టిన చోటే చచ్చింది. పైన మట్టి కప్పు, మూలన బుడ్డల మూటలు, దండెం మీద బొంతలు, గోడవారన చీరల పెట్టె. అవన్నీ ఎప్పటి నుంచో ఆ గదికి మెత్తలు.

మేస్త్రి ముసలమ్మతో చాలాసేపు మాట్లాడాడు. ఎదురుగా ఉండి నెమ్మదిగా చెబితే ప్రతి మాటా పట్టింది. వెనకనుంచి గట్టిగా అరిస్తే ఉలిక్కిపడింది గానీ, ఏమన్నాడో తెలియలేదు. వయసు మళ్లిన చెవి మొదట పోగొట్టుకునేది సన్నని మోతలను. స, ష, చ, త వంటి హల్లులు ఆ సన్నదనంలోనే ఉంటాయి. అచ్చులు నిలుస్తాయి. అందుకే ముసలివాళ్లకు ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. మోత పెంచితే అచ్చులు ఉబ్బి, మిగిలిన హల్లులను కూడా కప్పేస్తాయి. పైగా గది ఒక్కో మాటను సాగదీస్తే ఇక ఏమీ మిగలదు. కొడుకు ఎంత పెద్ద సెట్టు పెట్టాడో తల్లికి అంత తక్కువ వినిపించింది. చాదస్తమని ఇంట్లో తీసిపారేసిన ముక్క అక్షరాలా నిజం. ఇంటిల్లిపాదిలో గదిని సరిగ్గా విన్నది ఆమె ఒక్కతే.

మేస్త్రి ట్రాన్సిస్టరు విప్పి తుడిచాడు. తుప్పు పట్టిన బ్యాటరీ తీగ మార్చి, చిరిగిన స్పీకరు కాగితం తీసి కొత్త స్పీకరు వేశాడు. తర్వాత ముసలమ్మ సామానంతా కొత్త గదిలోకి మోయించాడు. ఇనుప మంచం పోయి నులకమంచం వచ్చింది. గాజు బల్ల పోయి చీరల పెట్టె వచ్చింది. దండెం కట్టి బొంతలు వేశారు. మంచం ఎదుటి గోడకు ఆమె కుట్టిన పాత బొంత ఒకటి వేలాడదీశారు. గ్రానైటు మీద చాప, చాప మీద దుప్పటి. రోడ్డువైపు కిటికీ సందులు గుడ్డ కుక్కి మూశారు. ట్రాన్సిస్టరును ఆమెకు బాగా వినిపించే చెవి వైపు, చెయ్యి చాపితే అందేంత దూరంలో పెట్టారు. బాసు తగ్గించి పెట్టి, అక్కడే ఉంచమన్నాడు. మేస్త్రి మళ్లీ చప్పట్లు కొట్టాడు. మిద్దెలో చచ్చినంత త్వరగా చావలేదు, కానీ పరుగెత్తడం మానింది. ముసలమ్మ ఆ పూటే చెంబు పట్టుకుని వచ్చేసింది.

మేస్త్రి కూలి పుచ్చుకుని వెళ్లిపోయాడు. నాలుగు పెద్ద సెట్లు సగం ధరకు అమ్ముడుపోయాయి. సావుకారి రాత్రి దీపం దగ్గర కూర్చుని లెక్క రాశాడు. ఒక గదికి లక్ష దాటింది, ఒక గదికి రెండు వేలు, ఇంకో గదికి కొత్త స్పీకరు ఖరీదు రెండు వందల చిల్లర. ఆ రెండు వందల గది తల్లిది. అతనికి నిద్ర పట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను వేసిన తూకాల్లో ఇంత ఎక్కువతక్కువ ఎప్పుడూ రాలేదు. చుట్టాలు వచ్చి చూస్తే పడసాలలో లక్ష పెట్టుకుని తల్లికి చిరుగుల రేడియో ఇచ్చాడంటారు. తల్లికి ఇంకేదైనా ఖరీదైనది కొనాలని మర్నాడు పట్నం బస్సుకు డబ్బు జేబులో పెట్టుకున్నాడు.

చెప్పి వెళదామని తల్లి గదిలోకి వచ్చాడు. రేడియోలో నాటకం వస్తోంది. ముసలమ్మ అతన్ని గమనించలేదు. రేడియోలో ఎవరో ఒక హాస్యపు మాట అన్నారు, ఆమె ఆ క్షణానే నవ్వింది. పక్కన ఎవరైనా నవ్వితే చూసి నవ్వడం, మాట అయిపోయాక అర్థమై నవ్వడం ఇన్నేళ్లుగా అతను చూస్తున్నవి. మాటకు సరిగ్గా నవ్వడం చాలా ఏళ్లకు చూశాడు. అతను మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాడు. నాటకం అయిపోయేసరికి బస్సు వెళ్లిపోయింది.

ఆ ఏడాది పండక్కి అతను చీరలు కొనడానికి ముందు ఇద్దరు కూతుళ్ల ఇళ్లకూ వెళ్లి ఒక్కో పూట ఉండి వచ్చాడు. చీరల ధరలు ఒకటిగా లేవని ఊళ్లో పెద్దమనుషులు కొంత గొణిగారు. కూతుళ్లు ఆ చీరలు కట్టుకుని పండగంతా తిరిగారు.

నీతి: అందరికీ ఒకే కొలత వేసి ఇస్తే ఇచ్చినవాడి లెక్క సరిపోతుంది, పుచ్చుకున్నవాళ్ల అవసరం మాత్రం ఆ లెక్కలోకి రాదు. తల్లి తనకు మాటలు అర్థం కావడం లేదని చెప్పినా సావుకారికి వినిపించలేదంటే, అతను అప్పటికే ఇచ్చేశానన్న తృప్తిలో ఉండడమే కారణం. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా కొనేముందు, వాళ్లుండే చోట, వాళ్లుండే వేళకు వెళ్లి ఒక పూట ఊరికే కూర్చోండి.